చలికాలపు శిబి చక్రవర్తి

విశాఖలో చలి ముదిరింది. మొన్న తెల్లవారుజామున ఫోను 18 డిగ్రీలని చూపించగానే నా గుండె జారిపోయింది. బీచ్ రోడ్డులో నడకకు వచ్చిన పెద్దమనుషులు మంకీ క్యాపుల్లోంచి కళ్ళు మాత్రమే బయటపెట్టి, ఒకరినొకరు గొంతును బట్టి గుర్తుపడుతున్నారు. ఇంట్లో మేము ఫ్యాను రెండులో పెట్టి రగ్గు కప్పుకుంటున్నాం. ఫ్యాను దోమల కోసం, రగ్గు ఫ్యాను కోసం. మనుషులకి ఫరవాలేదు, ఏటా టిబెటన్లు వచ్చి స్వెట్టర్లు అమ్మిపోతారు. పావురాలకి ఎవరున్నారు?

నేనున్నాను.

ఈ బుద్ధి నాకు మా అబ్బాయి వల్ల పుట్టింది. వాడు కెనడాలో ఉంటాడు. వీడియో కాల్‌లో వాళ్ళ కిటికీ అవతల మోకాల్లోతు మంచు కనిపించింది. అందులో ఎవరో ముసలాయన నిలబడి పిట్టలకి గింజలు చల్లుతున్నాడు. ‘‘ఇక్కడ నేలంతా మంచు కప్పేస్తుంది నాన్నా, మేత దొరకదు. నీళ్ళు గడ్డకడతాయి. రాత్రి చాలా పొడుగు. తెల్లారేదాకా ఒంట్లో వేడి నిలవాలంటే పిట్ట పొద్దుగూకే లోపే కడుపు నింపుకోవాలి’’ అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రమే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి జొన్నలూ సజ్జలూ తెచ్చాను. ‘‘ఇక్కడ మైనస్ 20 నాన్నా, నీకక్కడ చెమటలు పడుతుంటాయి కదా’’ అన్నాడు మర్నాడు. దయని డిగ్రీల్లో కొలవకూడదని చెప్పి ఫోను పెట్టేశాను.

మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో, సరిగ్గా మా కింద, ఒక జువాలజీ మాస్టారున్నారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ పాఠం నుంచి కాలేదు. ఆయన లెక్క ప్రకారం పావురం ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైమాట. చలి అనిపిస్తే ఈకలు ఉబ్బించుకుంటుంది, అదే దానికి రగ్గు. దాని పూర్వీకులు కొండచరియల్లో, గాలి రివ్వున కొట్టే చోట గూళ్ళు కట్టుకున్నవి. ఊళ్ళోకొచ్చాక మన సన్‌షేడ్లనీ ఏసీ పెట్టెల వెనక సందుల్నీ కొండచరియలే అనుకుంటోంది. ‘‘18 డిగ్రీలంటే వాటికి చలి కాదండీ బాబూ, పెళ్ళిళ్ళ సీజను’’ అన్నారు.

అక్కడితో ఆగితే ఆయన మాస్టారెందుకవుతారు! చాలా పిట్టలు పిల్లలకి పురుగులు తెచ్చిపెట్టాలట. పావురానికి ఆ బాధ లేదు. గొంతు కింద సంచిలో ఒక రకం పాలు తయారవుతాయి, తల్లీ తండ్రీ ఇద్దరూ వాటినే పిల్లల నోట్లో పోస్తాయి. అందుకని గింజలు దొరికితే చాలు, ఏడాది పొడవునా సంసారమే. విడతకి రెండు గుడ్లు. 18 రోజులకి పిల్లలు. బయట 18 డిగ్రీలు, గూట్లో 18 రోజులు! ఇది దైవసంకల్పం కాకపోతే ఏమిటని నేనడిగితే ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయారు. తువ్వాలు మీద ఉన్నది మా పావురాలదే.

కార్తీక మాసంలో మొదలుపెట్టినప్పుడు నా దగ్గరికి పదకొండు వచ్చేవి. సంక్రాంతి నాటికి వంద దాటాయి. కబురు ఎలా పాకుతుందో తెలియదు గానీ, సీతమ్మధార నుంచి మద్దిలపాలెం దాకా ఉన్న జాతి మొత్తానికి మా బాల్కనీ అడ్రసు తెలిసిపోయింది. ఒక్కో పావురం రోజుకి సుమారు 30 గ్రాములు తింటుంది. అంటే పూటకి పూట చూసుకోకుండా రోజుకి మూడు కేజీలు. పెన్షన్ మీద బతికేవాడిని, అన్నీ జొన్నలే ఎక్కడ పెడతాను? మా వాచ్‌మన్ దగ్గర రేషన్ బియ్యం కొంటున్నాను. అతనికి నాలుగు డబ్బులు, వాటికి నాలుగు గింజలు. అతని ఇంట్లో వాళ్ళు ఏం తింటారన్నది అతని సొంత విషయం. అందులో వేలు పెట్టడం నాకిష్టం లేదు.

ఇక అసలు గొడవకి వస్తాను. అసోసియేషన్ మీటింగులో నామీద తీర్మానం పెట్టారు. కార్ల అద్దాలు, సోలార్ పలకలు, ఆరేసిన బట్టలు, మూడో అంతస్తు పిన్నిగారు డాబా మీద పెట్టుకున్న గుమ్మడి వడియాలు, అన్నిటిమీదా రెట్టలే అన్నారు. నేను లేచి ఒక్కటే చెప్పాను. గింజ వేస్తున్నది నా బాల్కనీలో. నా బాల్కనీ అద్దంలా ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. పావురం ఇక్కడ తిని అక్కడికి పోతుంది. పుణ్యం పైకి పోతుంది, రెట్ట కిందికి పడుతుంది. ఇది నేను చేసిన ఏర్పాటు కాదు, భూమ్యాకర్షణ. ఫిర్యాదు చేసుకోవాలంటే భూమికి చేసుకోండి.

‘‘అన్నయ్యగారూ, మరి ఆ వడియాలు?’’ అంది పిన్నిగారు. శిబి చక్రవర్తి పావురం కోసం తొడ కోసి త్రాసులో వేశాడమ్మా, మీరు వడియాల దగ్గర ఆగిపోతారా అన్నాను. సభ నిశ్శబ్దమైంది. ఎవరో వెనకనుంచి ‘‘ఆయన తన తొడే కోసుకున్నాడు కదండీ’’ అన్నారు. పురాణజ్ఞానం ఎంత పలచబడిపోయిందో చూడండి. ఆయన రాజు, ఆయనకి కింది ఫ్లాట్లు లేవు.

మాస్టారు మళ్ళీ లేచారు. వెనిస్‌లో పెద్ద చౌక్‌లో పావురాలకి మేత వేయడాన్ని 2008లో నిషేధించారన్నారు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 2003లోనే ఆపారన్నారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1988 నుంచి మేత వేయొద్దని జనానికి నచ్చజెప్పి, గుడ్లు తీసేసి, నాలుగేళ్ళలో గుంపుల్ని సగం చేశారట. నిరుడు 2025లో ముంబైలో పావురాలకి మేత వేసే కబూతర్‌ఖానాలు మూయించినప్పుడు దాదర్‌లో ఎంత రభస అయిందో కూడా చెప్పారు. చెబుతూ చెబుతూ దగ్గారు. ఆ ఎండిన రెట్టల పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తరబడి వదలని జబ్బులొస్తాయని, ఊడ్చేముందు తడపాలని, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలని దగ్గుల మధ్యే అన్నారు. పాపం, ఆయన దగ్గు వింటేనే తెలుస్తోంది చలి ఎంత తీవ్రంగా ఉందో. ఇదే మాట మినిట్స్‌లో రాయించాను.

వెనిస్ సంగతి నాకెందుకు? పక్కనున్న ఒడిశాలో 1946లో పోలీసు శాఖ పావురాల చేత ఉత్తరాలు మోయించింది. అంటే అవి పనికొచ్చే జీవాలు. మా పావురాలు కూడా సందేశాలు చేరవేస్తూనే ఉన్నాయి, కాకపోతే కార్ల అద్దాల మీద.

వాచ్‌మన్‌కి మాత్రం కృతజ్ఞత లేదు. విజయనగరం అవతల ఏదో పల్లె అతనిది. ‘‘ఏటి బాబూ, ఎన్నిసార్లని కడగను? ఎండితే గీకాల, తడిపితే జారతాది’’ అని సణుగుతాడు. రాత్రిళ్ళు మెట్ల కింద మోటారు పక్కన అట్టపెట్టె పరుచుకుని ముడుచుకుంటాడు. ‘‘మన పాత రగ్గు ఇచ్చేద్దామండీ’’ అంది మా ఆవిడ. అప్పటికే నేను దాన్ని నాలుగు ముక్కలు చేసి బాల్కనీలో గూళ్ళ కింద పరిచేశాను. మంచి పనికి ఆలోచన ముందు మనకే రావాలి, లేకపోతే ఇలాగే చేయి దాటిపోతుంది.

చిన్నప్పుడు అనకాపల్లి దగ్గర మా అమ్మమ్మగారింట్లో సంక్రాంతికి వరికుచ్చులు అల్లి చూరుకి కట్టేవారు. పిచ్చుకలు వచ్చి తినిపోయేవి. రెట్టా లేదు, రభసా లేదు. కుచ్చు అయిపోతే మళ్ళీ ఏడు దాకా ఊసే లేదు. అమ్మమ్మ అది చేసినట్టు ఎవరికీ చెప్పలేదు కూడా. బొత్తిగా ప్రచారం తెలియని మనిషి. నేను రోజూ ఉదయం ఆరున్నరకి వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాను. నాలుగో అంతస్తు తప్ప అందరూ దండాల బొమ్మలు పెట్టేవారు. ఈ మధ్య గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ పోస్టు చేయకుండా సెట్టింగు మార్చారు. అదీ చలి ప్రభావమే అయ్యుంటుంది.

ఇలా ఉండగా పోయిన వారం నుంచి ఒక డేగ వస్తోంది. వాటర్ ట్యాంకు మీద కూర్చుంటుంది. వంద పావురాలు ఒకచోట కనబడితే దానికి మాత్రం ఆశ పుట్టదా? నిన్న నా కళ్ళముందే ఒకదాన్ని ఎత్తుకుపోయింది. రాత్రంతా నిద్రలేదు. తెల్లారుజామున మళ్ళీ శిబి కథ గుర్తొచ్చింది. అందులో డేగ అడిగిన ప్రశ్న ఒకటుంది: పావురాన్ని కాపాడావు సరే, మరి నా తిండి మాటేమిటి? ధర్మబద్ధమైన ప్రశ్న. చలి దానికీ ఒకటే.

అందుకని ఈ ఆదివారం నుంచి అరకేజీ కోడిమాంసం తెప్పిస్తున్నాను. మా ఇంట్లో నీచు ముట్టం కాబట్టి మా బాల్కనీలో కుదరదు. మాస్టారి ఏసీ పెట్టె వెడల్పుగా ఉంది, పైనుంచి పళ్ళేన్ని తాడుతో దింపితే సరిగ్గా దాని మీద ఆగుతుంది. కొలిచి చూశాను.