88 వోల్టులు, 800 ఎన్ఎం, మూడు వేల రూపాయలు: ఆ రెంచ్ ప్రచారంలో నిజమెంత?

వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో తెగ తిరుగుతున్న ప్రచారం ఇది: "మూడు వేలు పెట్టి కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్ కొనుక్కుంటే చాలు. 88 వోల్టుల బ్యాటరీ, 15,000 ఎంఏహెచ్, 800 న్యూటన్ మీటర్ల టార్క్. కారులో ఏ నట్టయినా ఊడొస్తుంది. బిగించడానికీ అదే చాలు, టార్క్ రెంచ్ దండగ. ఇంట్లో ఉన్న సాకెట్లే సరిపోతాయి. పేరున్న కంపెనీది కొంటే పేరుకే డబ్బు. ఇక పంక్చర్ షాపు గడప తొక్కక్కర్లేదు."

ఇంపాక్ట్ రెంచ్ అంటే దెబ్బలు కొడుతూ నట్లు తిప్పే బ్యాటరీ మెషిన్. టార్క్ అంటే తిప్పే బలం, దాని కొలత న్యూటన్ మీటర్ (ఎన్ఎం). టార్క్ రెంచ్ అంటే పెట్టిన అంకెకు నట్టు బిగియగానే తెలిపే చేతి పానా. ఈ ప్రచారంలో నిజం బొత్తిగా లేదని కాదు. ఇంట్లో చక్రాలు విప్పుకోవడానికి ఖరీదైన రెంచ్ అక్కర్లేదన్నది నిజమే. మిగతా మాటలు ఒక్కొక్కటీ చూద్దాం.

"88 వోల్టుల బ్యాటరీ, అందుకే అంత బలం"

లిథియం అయాన్ సెల్ ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా చార్జయితే 4.2. అయిదు సెల్స్ వరసగా కలిపితే 18 వోల్టులు, ఫుల్ చార్జిలో 21. బజార్లో 18 వోల్ట్ అని, 20 వోల్ట్ మ్యాక్స్ అని, 21 వోల్ట్ అని మూడు పేర్లతో అమ్మేది ఈ అయిదు సెల్స్ వరసనే. నిజంగా 88 వోల్టులు కావాలంటే 24 సెల్స్ వరసగా పేర్చాలి. ఒక్కో సెల్ దాదాపు 45 గ్రాములు, కాబట్టి బ్యాటరీ ఒక్కటే కిలో దాటాలి. వీళ్లు పంపే ప్యాక్ తూకం వేస్తే అర కిలోకు అటూ ఇటూ ఉంటుంది.

తూకం కూడా అక్కర్లేదు. పెట్టెలో వచ్చిన చార్జర్‌ను తిప్పి అవుట్‌పుట్ అన్నచోట చదవండి, 21 వోల్టులని ఉంటుంది. మామూలు అడాప్టర్ లాంటి ఆ చార్జర్‌తో 88 వోల్టుల బ్యాటరీ ఎలా నిండుతుందో వీడియో చేసినాయనే చెప్పాలి. మల్టీమీటర్ ఉంటే ప్యాక్ టెర్మినళ్ల మీద పెట్టి చూసినా తేలిపోతుంది. 48వీఎఫ్, 88వీఎఫ్, 128వీఎఫ్ అంటూ వోల్టు పక్కన తగిలించే ఆ 'ఎఫ్'కు కొలతల్లో అర్థం లేదు. దాన్ని మోడల్ పేరు అనుకుని వదిలేయాలి.

"15,000 ఎంఏహెచ్, రోజంతా ఆడుతుంది"

ఈ ప్యాకుల్లో ఉండేవి ఎక్కువగా 18650 (18 ఎంఎం అడ్డం, 65 ఎంఎం పొడవు) సెల్స్. మంచి కంపెనీవే ఒక్కోటి 3,500 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతాయి. చవక ప్యాకుల్లోవి 1,300, 1,500 ఉంటాయి. వరసగా కలిపితే వోల్టులు పెరుగుతాయి గానీ ఎంఏహెచ్ పెరగదు. అయిదు సెల్స్ ప్యాక్ కెపాసిటీ ఒక్క సెల్ కెపాసిటీయే. రెండు వరసలుగా పది సెల్స్ ఉంటే దానికి రెట్టింపు, అంటే 3,000. ఆ 15,000 ఎక్కడిదంటే, పది సెల్స్‌ను 1,500 చొప్పున కూడేశారు.

అయితే అసలు ఇబ్బంది ఎంతసేపు ఆడుతుందన్నది కాదు. నాలుగు చక్రాలకు నాలుగేసి నట్లు, మొత్తం పదహారు. ఒక్కోదానికి 5 సెకన్లు, సగటున 20 ఆంపియర్లు లాగినా అయ్యే ఖర్చు 450 ఎంఏహెచ్ లోపే. చిన్న ప్యాక్ కూడా ఆ పని గట్టెక్కిస్తుంది. గొడవంతా కరెంటు దగ్గర. ట్రిగ్గర్ నొక్కగానే మోటారు ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. ఒకే వరస చవక సెల్స్ అంత ఇవ్వలేక వోల్టేజీ దిగజారుతుంది, మోటారు వేగం పడిపోతుంది. లోపలి హ్యామర్ దెబ్బలోని శక్తి వేగానికి వర్గంలో మారుతుంది; వేగం పావు వంతు తగ్గితే దెబ్బ దాదాపు సగానికి వస్తుంది. అందుకే అదే రెంచ్‌కు అయిదు సెల్స్ ప్యాక్ తీసి పది సెల్స్ ప్యాక్ పెడితే, మొండికేసిన నట్టు కదులుతుంది. కొనేటప్పుడు చూడాల్సింది ఎంఏహెచ్ అంకె కాదు, లోపల ఎన్ని సెల్స్ ఉన్నాయన్నది.

"800 న్యూటన్ మీటర్లు"

ఇంపాక్ట్ రెంచ్‌కు రెండు అంకెలుంటాయి. బిగించే టార్క్ ఒకటి, బిగుసుకున్న నట్టును విప్పే టార్క్ ఇంకొకటి. రెండోది ఎప్పుడూ పెద్దదే. మకీటా డీటీడబ్ల్యూ300కు కంపెనీ రెండూ ప్రకటించింది: బిగింపు 330, విప్పడం 580. ఏ టార్కో చెప్పకుండా ఒక్క అంకె మాత్రమే అచ్చేసిన పెట్టెను నమ్మలేం. బరువు కూడా గుట్టు విప్పుతుంది. డివాల్ట్ డీసీఎఫ్899 బిగింపు 950 ఎన్ఎం. అది బ్యాటరీ లేకుండానే రెండున్నర కిలోల పైచిలుకు. గట్టి దెబ్బ కొట్టాలంటే లోపల బరువైన హ్యామర్ ఉండాలి మరి. కిలోంబావు రెంచ్ 800 కొడుతుందంటే నవ్వుకోవాలి.

ఇంతకీ కావాల్సింది ఎంత? మారుతి చిన్న కార్లలో చక్రం నట్ల బిగింపు 85 నుంచి 100 ఎన్ఎం. టయోటాలో ఎక్కువ మోడళ్లకు 103. ఫోక్స్‌వాగన్ పోలో బోల్టులకు 120. మీ కారు అంకె ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పట్టుకోండి. తుప్పు పట్టినా, షాపువాడు గాలి గన్‌తో మరీ బిగించేసినా విప్పడానికి దీనికి రెండు మూడు రెట్లు పడుతుంది. అంటే విప్పేటప్పుడు నిజంగా 300 నుంచి 350 వచ్చే రెంచ్ ఇంటికి చాలు.

నిజంగా వస్తుందా లేదా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 8.8 గ్రేడ్ ఎం16 (16 ఎంఎం మందం) బోల్టు, నట్టు, రెండు వాషర్లు తీసుకుని, మందపాటి ఇనుప పట్టీలో పెట్టి, దాన్ని గట్టి వైస్‌లో పట్టించండి. 24 ఎంఎం సాకెట్, టార్క్ రెంచ్‌తో 200 ఎన్ఎంకు బిగించండి. దాన్నే ఫుల్ చార్జితో 5 సెకన్లలో విప్పలేకపోతే 300 సంగతి మాట్లాడనక్కర్లేదు, ఆ రెంచ్ వెనక్కి పంపాల్సిందే. ఈ పరీక్ష కారు స్టడ్‌ల (చక్రం నట్లు ఎక్కే బోల్టుల) మీద మాత్రం చేయొద్దు. ఎం12 స్టడ్ 200కు సాగిపోతుంది.

"బిగించడానికీ అదే చాలు"

మొత్తం ప్రచారంలో ప్రమాదమైన మాట ఇదే.

రెంచ్ లోపల హ్యామర్ స్ప్రింగ్‌ను నొక్కుకుంటూ వెనక్కి జారి, వదిలించుకుని ముందుకొచ్చి, సాకెట్ తగిలించే ఇరుసు చెవులను సెకనుకు పదుల సార్లు కొడుతుంది. ఒక్కో దెబ్బకు నట్టు ఇంకాస్త బిగుస్తుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. ఎంత బిగిసిందన్నది ట్రిగ్గర్ ఎంతసేపు నొక్కారు, బ్యాటరీ ఎంత నిండుగా ఉంది, మరల మీద నూనె ఉందా, సాకెట్ ఎంత వదులుగా కూర్చుంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. ఒకే చక్రానికి ఒక నట్టు తక్కువగా, పక్కది రెట్టింపుగా బిగిసే అవకాశం అలా వస్తుంది.

ఎక్కువ బిగిస్తే స్టడ్ సాగుతుంది, మరలు చెడతాయి, అల్లాయ్ వీల్‌లో నట్టు కూర్చునే చోటు గీరుకుపోతుంది. బ్రేక్ డిస్క్ హబ్‌కూ (చక్రం బిగించే భాగం) చక్రానికీ మధ్య ఉంటుంది కాబట్టి ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ నొక్కుకుని వంకర పోతుంది. కొంతకాలానికి బ్రేక్ వేస్తే పెడల్ అదురుతుంది. అన్నిటికన్నా ముందు అనుభవంలోకి వచ్చేది రోడ్డు మీద. కారుతో వచ్చిన ఎల్ పానా పొడవు 28 సెంటీమీటర్లనుకుందాం. 60 కిలోల మనిషి దాని చివర ఎక్కి నిలబడినా పడేది 165 ఎన్ఎం. నట్టు 220కి బిగిసి ఉంటే, రాత్రి హైవే మీద స్టెప్నీ, జాకీ అన్నీ ఉండి కూడా చక్రం ఊడదు.

సరైన పద్ధతి ఇది. హబ్ ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకేయండి. స్టడ్ మరలకు నూనె, గ్రీజు రాయొద్దు. రాపిడి తగ్గి అదే టార్క్‌కు స్టడ్ ఎక్కువ సాగుతుంది. ప్రతి నట్టునూ చేత్తో కనీసం మూడు నాలుగు చుట్లు ఎక్కించండి. చేత్తో తిరగని నట్టును రెంచ్‌తో ఎక్కిస్తే మర అడ్డం పడి స్టడ్ పాడవుతుంది. తర్వాత రెంచ్‌ను అన్నిటికన్నా తక్కువ స్పీడులో పెట్టి, ఎదురెదురు నట్లను మార్చి మార్చి, ఆనేదాకా మాత్రమే తిప్పండి. దెబ్బల చప్పుడు మొదలవగానే వేలు తీసేయాలి. జాకీ దించి టైరు నేలకు ఆనాక టార్క్ రెంచ్‌తో అదే వరసలో మొదట 50, తర్వాత మాన్యువల్‌లో చెప్పిన అంకె. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి సరిచూడండి.

అర అంగుళం డ్రైవ్, 28 నుంచి 210 ఎన్ఎం క్లిక్ రకం టార్క్ రెంచ్ ఈ పనికి సరిపోతుంది. దాంతో నట్లు విప్పకూడదు. పనయ్యాక స్ప్రింగ్‌ను కింది అంకెకు తిప్పి పెట్టాలి.

"ఇంట్లో ఉన్న సాకెట్లే సరిపోతాయి"

మెరిసే క్రోమ్ వెనేడియం సాకెట్లు చేతి పానాకు చేసినవి. గట్టిగా ఉంటాయి, పెళుసుగానూ ఉంటాయి. దెబ్బలకు పగిలి ముక్క ఎగిరితే పోయేది కన్ను. ఇంపాక్ట్ సాకెట్లు నల్లగా, గోడ మందంగా ఉంటాయి. క్రోమ్ మాలిబ్డినం ఉక్కు. ఆరు మూలలవి తీసుకోండి, పన్నెండు మూలలవి నట్టు అంచులు గుండ్రం చేస్తాయి. మారుతికి ఎక్కువగా 19, హ్యుందాయ్, టయోటాలకు 21, పోలోకు 17 ఎంఎం. అల్లాయ్ గుంత సన్నగా ఉంటే పలచటి గోడ, పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న పొడవు సాకెట్ కావాలి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ పెడితే దెబ్బ దాన్ని మెలితిప్పడానికే కొంత పోతుంది. స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్‌కు అడాప్టర్ పెట్టి వాడమనే సలహా కూడా ఇలాంటిదే, ఆ పావు అంగుళం కాడ విరుగుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

"కారులో ఏ నట్టయినా"

స్పార్క్ ప్లగ్ దగ్గరికి దీన్ని తీసుకెళ్లొద్దు. దాని బిగింపు 20 ఎన్ఎం ప్రాంతంలో, అదీ అల్యూమినియం హెడ్‌లో. ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు 35 నుంచి 40. ఇంపాక్ట్‌తో బిగిస్తే సంప్ (ఆయిల్ తొట్టి) మరలు పోయి, రెండు వందల వాషర్ పని వేలల్లోకి వెళ్తుంది. బ్రేక్ కాలిపర్ పిన్నులూ అంతే. దొంగలు విప్పకుండా ప్రత్యేక అడాప్టర్‌తోనే తిరిగే తాళం నట్టు ఉన్న చక్రాలకు ఆ తాళం అడాప్టర్ మీద ఇంపాక్ట్ పెడితే అడాప్టర్ పళ్లు విరిగి, నట్టు చక్రంలోనే ఉండిపోతుంది. ఇక ఇంజిన్‌లో మరీ గట్టిగా బిగిసి ఉండే హోండా క్రాంక్ పుల్లీ బోల్టు లాంటివి ఈ రెంచ్ కదిలించనే కదిలించదు.

"పేరున్న కంపెనీది దండగ"

సగం నిజం. ఇంట్లో ఇప్పటికే ఒక కంపెనీ 18 వోల్ట్ డ్రిల్ ఉంటే, అదే కంపెనీ అర అంగుళం రెంచ్‌ను బ్యాటరీ లేకుండా కొనుక్కోవడం అన్నిటికన్నా చవక. అది లేనివాళ్లు పేరులేనిది కొన్నా ఫర్వాలేదు, కానీ పది సెల్స్ ప్యాక్ ఉండాలి, వెనక్కి తీసుకునే షరతుతో బిల్లు ఉండాలి, బ్యాటరీ మీద ఐఎస్ 16046 గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బ్రష్‌లెస్ (కార్బన్ బ్రష్‌లు లేని మోటారు) అన్నారా? చీకట్లో ఆడించి గాలి చీలికల్లోంచి చూడండి. నీలి రవ్వలు కనిపిస్తే లోపల కార్బన్ బ్రష్‌లే. బ్రష్ మోటారు తప్పేం కాదు, బ్రష్‌లెస్ ధరకు అమ్మడం తప్పు.

డబ్బు మిగిల్చుకోకూడని చోటు బ్యాటరీ. చవక ప్యాకుల్లో ఒక్కో సెల్‌ను సరిచూసే సర్క్యూట్ తరచూ ఉండదు. ఒకటి బలహీనపడితే మిగతావి నిండేలోపు అది ఓవర్ చార్జి అవుతుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టి పడుకోవద్దు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. డిక్కీలో వదిలేసిన ప్యాక్ అక్కడే సగం ఆయుష్షు పోగొట్టుకుంటుంది. ఇంట్లో సగం చార్జితో ఉంచండి, రెండు మూడు నెలలకోసారి చూడండి. వేడిగా ఉన్నప్పుడు చార్జి పెట్టొద్దు. మల్టీమీటర్‌లో 12.5 వోల్టుల కిందికి పడిపోయిన ప్యాక్‌ను మళ్లీ చార్జి చేయకండి.

"పంక్చర్ షాపు అక్కర్లేదు"

రెంచ్ చక్రం విప్పుతుంది, పంక్చర్ వేయదు, ఎలాగూ వెళ్లాలి. అక్కడ గాలి గన్‌తో బిగించి పంపితే, ఇంటికొచ్చాక నట్లు ఒక్కొక్కటిగా వదులు చేసి టార్క్ రెంచ్‌తో బిగించుకోవాలి. ఏడాదికి రెండు మూడు సార్లు మించి చక్రాలు విప్పనివాళ్లకు ఇంపాక్ట్ రెంచే అనవసరం. 60 సెంటీమీటర్ల బ్రేకర్ బార్ (మొండి నట్లు విప్పే పొడవాటి చేతి కడ్డీ) చివర 50 కిలోల బరువు వేస్తే దాదాపు 300 ఎన్ఎం వస్తుంది, చార్జింగ్ అక్కర్లేదు. ఆ బార్, మీ కారు సైజు సాకెట్, టార్క్ రెంచ్, మూడూ కలిపి దాదాపు ఆ మూడు వేలలోనే వస్తాయి.