పాత లైట్ ఫ్రేములు డిలీట్ చేయకండి

నాలుగేళ్ల కిందట తీసిన ఆండ్రోమెడా గెలాక్సీ ఫొటోని పోయిన వారం మళ్ళీ మొదటి నుంచీ ప్రాసెస్ చేశాను. కొత్తగా ఒక్క లైట్ ఫ్రేమ్ (ఆకాశాన్ని తీసిన అసలు ఫొటో) కూడా తీయలేదు. అయినా అప్పట్లో మసకగా కలిసిపోయిన ధూళి చారలు ఇప్పుడు వేటికవి విడిగా కనిపిస్తున్నాయి, ఒక మూలంతా అలుముకున్న నారింజ రంగు పోయింది, ఉబ్బిన నక్షత్రాల చుక్కలు సన్నబడ్డాయి.

సాఫ్ట్‌వేర్ అంతగా మారింది మరి. లైట్ పొల్యూషన్ తెచ్చే గ్రేడియంట్‌ని, అంటే ఫొటోలో ఒక పక్క ఎక్కువగా అలుముకునే వెలుగుని, గ్రాఎక్స్‌పర్ట్ ఉచితంగానే తీసేస్తుంది. స్టార్‌నెట్ చుక్కల్ని విడదీసి పక్కన పెడుతుంది కాబట్టి, అవి ఉబ్బుతాయన్న టెన్షన్ లేకుండా నెబ్యులాని (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాన్ని) స్ట్రెచ్ చేసుకోవచ్చు, అంటే మసక వివరాలను వెలుగులోకి తెచ్చుకోవచ్చు. పిక్స్‌ఇన్‌సైట్ అయితే గయా వ్యోమనౌక సేకరించిన నక్షత్రాల స్పెక్ట్రాలను (వెలుగులో ఏ రంగు ఎంతుందో చెప్పే వివరాలను) ఆధారం చేసుకుని రంగులు సరిచేస్తుంది.

ఇది మనలాంటి ఔత్సాహికుల ముచ్చట మాత్రమే కాదు. హెచ్ఆర్ 8799 అనే నక్షత్రం చుట్టూ గ్రహాలున్నాయని 2008లో ప్రకటించారు. ఆ తర్వాత హబుల్ టెలిస్కోప్ ఎప్పుడో 1998లో తీసిన చిత్రాలను కొత్త పద్ధతుల్లో మళ్ళీ ప్రాసెస్ చేస్తే, ఆ గ్రహాలు అందులోనే దొరికాయి! పదేళ్లకు పైగా ఆ డేటాలోనే ఉన్నాయి, నక్షత్రం వెలుగుని తీసేసే పద్ధతే అప్పట్లో లేదు.

అందుకే ఫైనల్ జేపెగ్ ఒక్కటి ఉంచుకుని మిగతావి డిలీట్ చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 14 బిట్ రా ఫైల్‌లో (కెమెరా సెన్సార్ ఇచ్చిన అసలు డేటాలో) ఒక్కో పిక్సెల్‌కి 16,384 వెలుగు స్థాయులుంటే జేపెగ్‌లో ఒక్కో రంగుకి ఉండేవి 256. ఫ్లాట్స్ (సమానంగా వెలిగే తలాన్ని తీసిన ఫొటోలు) కూడా దాచండి, సెన్సార్ మీది దుమ్ము వేసే గుండ్రటి మచ్చలు పోవాలంటే ఆ రాత్రి తీసిన ఫ్లాట్సే కావాలి.

ఒక్క విషయంలో మాత్రం నాకు భయముంది. ఏఐతో పదును పెట్టే టూల్స్‌ని మరీ గట్టిగా వాడితే నాయిస్ (ఫొటోలోని గరుకు చుక్కలు) కూడా సన్నటి పోగుల్లా మారి నెబ్యులాలో భాగమేమో అనిపిస్తుంది. నేను ఫ్రేములను సరి, బేసి అని రెండు భాగాలు చేసి విడివిడిగా స్టాక్ చేస్తాను (ఒకదానిపై ఒకటి పేర్చి కలుపుతాను), రెండింటినీ ఒకేలా ప్రాసెస్ చేసి పక్కపక్కన పెట్టి చూస్తాను, రెండింట్లోనూ కనిపించిన పోగునే నమ్ముతాను.

నా పాత ఓరియన్ నెబ్యులా మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌కీ లొంగలేదు. అన్నీ అయిదేసి నిమిషాల ఎక్స్‌పోజర్లు కావడంతో నడుమనున్న ట్రెపీజియం అనే నక్షత్రాల గుంపు పూర్తిగా తెల్లగా కాలిపోయింది, అక్కడ వెలికి తీయడానికి డేటాయే లేదు. దానికి ఈసారి పది సెకన్ల ఫ్రేములు కొన్ని తీసి, పాతవాటితో కలపాలి.