నేరమంతా తేదీదే

చరిత్రను మనుషులు నడుపుతారన్న అపోహ ఇంకా కొందరిలో మిగిలి ఉండటం విచారకరం. ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికను క్రమం తప్పకుండా చదివే విజ్ఞులకు అసలు సంగతి ఎప్పుడో బోధపడింది: చేసేదంతా తేదీయే, మనుషులు కేవలం నిమిత్తమాత్రులు.

జర్మనీలో నవంబర్ 9 నిర్వాకమే చూడండి. 1918లో చక్రవర్తిని గద్దె దింపింది, 1923లో మ్యూనిక్ వీధుల్లో హిట్లర్ తిరుగుబాటును భగ్నం చేసింది, 1938లో మనసు మార్చుకుని ఆ హిట్లర్ తరఫునే యూదుల ప్రార్థనా మందిరాలకు నిప్పు పెట్టింది. ఆ మంటలకు బాధితుల మీదే వంద కోట్ల మార్కుల జరిమానా వేసిన ఘనత మాత్రం నవంబర్ 12దే కనుక, ఆ అపకీర్తిని 9వ తేదీకి అంటగట్టడం న్యాయం కాదు. 1989లో బెర్లిన్ గోడ వంతు వచ్చింది. జనాన్ని గోడ దాటనిచ్చే కొత్త ప్రయాణ నిబంధనలు ఎప్పటినుంచి అమలవుతాయని విలేకరులు అడిగినప్పుడు, ఆ ప్రకటన మర్నాటిదాకా ఆగాలన్న సంగతి తెలియని తూర్పు జర్మనీ నాయకుడు షబోవ్‌స్కీ చేతిలోని కాగితాలు అటూ ఇటూ తిరగేసి, తనకు తెలిసినంతవరకు వెంటనే, ఆలస్యం లేకుండా అన్నాడు. జనం సరిహద్దు గేట్ల దగ్గరకు పోటెత్తారు. ఆయన ముందే కాగితం చదువుకుని ఉంటే ఈ కీర్తి 10వ తేదీకి దక్కేది. ఇంత చరిత్ర ఉన్న తేదీ పండుగకు పనికిరాదని జర్మన్లు తమ ఐక్యతా దినానికి పాత మచ్చలేవీ అంటని అక్టోబర్ 3ను ఎంచుకున్నారు.

అమెరికాలో జూలై 4 పద్ధతి మరింత కచ్చితం. స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన 1826లో మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్స్‌నూ, థామస్ జెఫర్సన్‌నూ ఒకే రోజు తీసుకుపోయి, 1831లో మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రోను కూడా కలుపుకుంది. జేమ్స్ మాడిసన్ 1836లో జూన్ 28నే కన్నుమూయడాన్ని, మాజీ అధ్యక్షుడి హోదాకు తగని క్రమశిక్షణా రాహిత్యంగానే పరిగణించాలి.

షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న మరణించారని చదివి పులకించేవారికి ఒక మనవి. అప్పటికి స్పెయిన్ గ్రెగోరియన్ క్యాలెండర్‌లో ఉంది, ఇంగ్లండ్ దానికంటే పది రోజులు వెనకబడిన పాత జూలియన్‌నే పట్టుకు వేలాడుతోంది. అంటే ఆ ‘ఒకే రోజు’కు మధ్య పది రోజుల దూరం. దీన్ని తేదీ గొప్పతనంగానే గుర్తించాలి తప్ప, అనుమానించరాదు.

నేరం తేదీదైనప్పుడు శిక్ష కూడా దానికే పడాలి. ఇందుకు పూర్వ నిదర్శనం ఉంది: 1582లో క్యాలెండర్ సవరించాలన్న పోప్ గ్రెగొరీ ఆదేశంతో స్పెయిన్‌లో, పోర్చుగల్‌లో అక్టోబర్ 4 తర్వాత ఏకంగా 15 వచ్చింది. మధ్యనున్న పది తేదీలలో ఆ దేశాల్లో ఒక్క హత్యగానీ, దొంగతనంగానీ, తిరుగుబాటుగానీ జరగలేదు. శాంతిభద్రతల విషయంలో ఇంతటి ఫలితం చూపించిన ప్రభుత్వం ఆ తర్వాత మరొకటి రాలేదు.