సఖరోవ్‌ను మార్చింది ఆయన లెక్కలే

బెంగళూరు సీవీ రామన్ నగర్‌లో, రక్షణ ల్యాబుల్లో పనిచేసే మన తెలుగువాళ్ల ఇళ్లలో, రాజకీయాల ఊసెత్తితే తరచూ వినపడే మాట: "మనకెందుకండీ, మన పని మనం చేసుకుందాం." సోవియట్ భౌతిక శాస్త్రవేత్త ఆండ్రీ సఖరోవ్ కూడా మొదట్లో ఇంతే. 1948లో సోవియట్ హైడ్రోజన్ బాంబు పనిలో చేరారు. అమెరికాకు దీటుగా బాంబు ఉంటేనే యుద్ధం రాదని మనస్ఫూర్తిగా నమ్మారు.

1955 నవంబరులో ఆ బాంబు పరీక్ష విజయవంతమైంది. ఆ పేలుడుకే ఓ చిన్నపాప, ఓ సైనికుడు చనిపోయారు. పరీక్ష తర్వాత జరిగిన విందులో సఖరోవ్ లేచి, మన బాంబులు ఇలా పరీక్షా స్థలాల్లోనే పేలాలి, నగరాల మీద ఎన్నడూ పేలకూడదన్నారు. సైన్యాధికారి మార్షల్ నెదెలిన్ దానికి ఓ మోటు కథతో బదులిచ్చాడు. ముసలాయన దేవుడి పటం ముందు "బలమివ్వు, దారి చూపు" అని మొక్కుతుంటే, భార్య "బలం ఒక్కటే అడుగు, దారి నేను చూసుకుంటా" అందట. బాంబు చేసివ్వడం వరకే నీ పని అని చెప్పడమే అది. సఖరోవ్ ముఖం పాలిపోయింది.

తర్వాత ఆయన లెక్క వేశారు. వాతావరణంలో పేల్చే ప్రతి మెగాటన్ను (పది లక్షల టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థానికి సమానమైన శక్తి)కూ, రేడియోధార్మికత వల్ల కాలక్రమేణా సుమారు 10,000 మంది బలవుతారని తేలింది. పరీక్షలు ఆపమన్నందుకు 1961లో సోవియట్ అధినేత క్రుశ్చేవ్ అందరిముందూ చీవాట్లు పెట్టాడు. అయినా అదే ఏడాది 50 మెగాటన్నుల బాంబు తయారీలో సఖరోవ్ ఉన్నారు. అభిమానులు దాటేసే ఘట్టమిది. నాకైతే ఇదే ముఖ్యం. లోపల ఉంటే మాట చెల్లుతుందన్న ఆశ అంత తేలిగ్గా చావదు. 1962లో అనవసరమైన ఓ పరీక్షను ఆపలేక బల్లమీద తల వాల్చి ఏడ్చారు.

1968లో శాంతి, ఆలోచనా స్వేచ్ఛల గురించి ఆయన రాసిన వ్యాసం విదేశాల్లో అచ్చయ్యాక రహస్య పని నుంచి తప్పించారు. 1970లో మానవ హక్కుల కమిటీ, 1975లో నోబెల్ శాంతి బహుమతి, 1980 నుంచి దాదాపు ఏడేళ్లు గోర్కీ నగరంలో నిర్బంధం.

మన కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమాల్లో తొమ్మిదోది, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించొద్దంటుంది. రహస్యాలు దాచమంటే అర్థముంది. బాంబు రహస్యాలను సఖరోవ్ కూడా బయటపెట్టలేదు. కానీ ఓ విధానం జనానికి హాని చేస్తుందని తన లెక్కలోనే తేలితే, ల్యాబు ఉద్యోగి ఆ మాట ఎక్కడ చెప్పాలి? ఫైల్లో నోట్ రాసి పైకి పంపొచ్చు. సఖరోవ్ ఏళ్ల తరబడి చేసిందీ దాదాపు అదే.