63 ఏళ్లకు వచ్చిన పాత్ర, పాలమూరుకు తెలిసిన ముఖం

కోస్గి దగ్గర మా ఊళ్లో ‘చిన్నారి పెళ్లికూతురు’ టైముకు మా అవ్వ పల్లికాయల చాట ముందేసుకుని టీవీ ఎదురుగా కూర్చునేది. చేతులు వాటి మానాన అవి కాయలు ఒలుస్తూ పోయేవి. తెర మీదికి ఆ ముసలామె రాగానే ఆగిపోయేవి. ఆమె తిట్లు వినడానికి ఆగినట్టు ఉండేది కాదు. తిట్టబోయే ముందు కోడళ్ల వైపు ఒక చూపు చూస్తుంది చూడండి, దానికి ఆగేవి.

కలర్స్ ఛానెల్‌లో 2008 జూలైలో మొదలైన ‘బాలికా వధు’ను తెలుగులోకి డబ్ చేసి మా టీవీ ఆ పేరుతో వేసింది. అందులో దాదీసా, అంటే నాయనమ్మ, కళ్యాణీదేవిగా వేసిన సురేఖా సిక్రీకి అప్పటికే 63 ఏళ్లు. మన దగ్గర ఎక్కువమందికి ఆనందిగా వేసిన అవికా గోర్ గుర్తుండిపోయింది, తర్వాత తెలుగులో హీరోయిన్ కూడా అయింది కాబట్టి. నన్నడిగితే ఆ సీరియల్‌ను భుజాన మోసింది ముసలామే.

అయితే ఆమె నటనలో సగమే మనదాకా వచ్చింది. సురేఖ అలీగఢ్‌లో చదివి, ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో నటన నేర్చుకుని, అక్కడి నాటక బృందం రిపర్టరీలో పదేళ్లకు పైగా నాటకాలు వేసింది. గొంతుతో హాలును పట్టి ఉంచే విద్య అది. తెలుగులో మనం విన్నది మరో ఆర్టిస్ట్ గొంతు. ఆ ఆర్టిస్ట్ పేరు మా ఊళ్లో ఎవరికీ తెలియదు, ఇన్నేళ్లు ఇంటింటా వినిపించిన గొంతుకు పేరు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధే. పైగా అది మా యాస కూడా కాదు. అయినా అవ్వ చేతులు ఆగేవంటే, ఆ ముఖంలో ఆమెకు తెలిసినదేదో కనబడుతుండేది.

అదేమిటో తెలియాలంటే పాలమూరు వలస గురించి చెప్పుకోవాలి. దసరా వెళ్లగానే మా అమ్మానాయన బొంబాయి బస్సెక్కేవాళ్లు. పిల్లలం అవ్వ దగ్గరే. ఇంటి తాళంచెవి, రేషన్ కార్డు, అక్కడినుంచి వచ్చే పైసలు, పిల్ల బడికి పోవాలా చేనుకు పోవాలా అనే మాట, అన్నీ ఆమె చేతిలోనే. అప్పట్లో మా ఊళ్లో సగం ఇళ్లు ఇట్లాగే నడిచేవి. నడిమి తరం ఊళ్లో ఉండదు, ముసలామె పెత్తనం చేస్తుంది. చూసేవాళ్లు ఆమెను గయ్యాళి అంటారు. ఆ గయ్యాళితనం కింద ఎంత భయం ఉంటుందో పక్కన పడుకున్న మనవరాలికి తెలుస్తుంది. దాదీసా భర్త పోయిన మనిషి, ఇద్దరు కొడుకుల తల్లి, పెద్ద ఇంటి యజమాని. సురేఖ ఆ పాత్రలో అధికారాన్ని, భయాన్ని ఒకేసారి చూపించింది. దవడ బిగించి ఉంటుంది, కళ్లు మాత్రం ఎవరు ఎదురు తిరుగుతారా అని వెతుకుతుంటాయి.

మన సీరియళ్లలో గయ్యాళి అత్త వందల ఎపిసోడ్లు విషం పెట్టి, చివరి వారంలో కోడలి చేతులు పట్టుకుని ఏడుస్తుంది. దాదీసా అట్లా మారలేదు. మనవడు జగ్యా ఇంకో పెళ్లి చేసుకుంటే సొంత రక్తాన్ని కాదని ఆనంది పక్కన నిలబడింది. అప్పుడు కూడా అదే పొగరు, అదే పెత్తనం. ఆడపిల్లకు చదువెందుకన్న మొండితనమే ఆమెకు అండగా నిలబడే మొండితనమైంది. రచయితలు మలుపు రాసి ఉండొచ్చు. దాన్ని నమ్మించింది సురేఖ.

సీరియల్ చూసి బాల్య వివాహాలు ఆగాయని నేను అనను. గద్వాల వైపు పత్తి విత్తనాల చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ సీజన్ వస్తే ఆడపిల్లలు బడి మానడం మేమంతా చూసిందే, ఆ తర్వాత పెళ్లే. 2006లో చట్టం వచ్చింది. తర్వాత 2014లో, ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ సర్కారు డబ్బిచ్చే కళ్యాణలక్ష్మి పథకం వచ్చి, 18 నిండితేనే డబ్బు అనేసరికి ఇళ్లలో పిల్ల వయసు లెక్క చూడడం మొదలైంది. సీరియల్ చేసిన పని వేరు. ఒక రాత్రి అవ్వ తనంతట తానే అంది: “నా పెండ్లినాడు నేను నిద్రపోయిన. ఎత్తుకపోయి పీటల మీద కూసోబెట్టిన్రు.” అప్పటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

టీవీ నటి అంటే చిన్నచూపు చూసేవాళ్లు సురేఖ లెక్క చూడాలి. 1988లో దూరదర్శన్‌లో వచ్చిన ‘తమస్’లో, దేశ విభజన నాటి అల్లర్లలో తలుపు తట్టిన ముసలి సిక్కు దంపతులకు ఆశ్రయమిచ్చిన ముస్లిం ఇల్లాలు రాజోగా వేసింది. ఇంటి మగవాళ్లు బయట ఉన్నప్పుడు ఆ తలుపు తీసింది ఆమే. దానికి జాతీయ అవార్డు వచ్చింది. ‘మమ్మో’ సినిమాకు రెండోది. అంతటి నటి ముఖం ఇంటింటికీ తెలియడానికి ‘తమస్’ తర్వాత ఇంకో 20 ఏళ్లు పట్టింది, తెలిసింది కూడా సీరియల్ వల్లే. 60 దాటిన ఆడమనిషిని మన సినిమా ఒక మూలన కూర్చోబెడుతుంది. ఆమెను కథ మధ్యలో కూర్చోబెట్టింది టీవీ.

‘బధాయీ హో’ సినిమాకు మూడో జాతీయ అవార్డు అందుకునేనాటికి, 2019 డిసెంబర్‌లో, ఆమె చక్రాల కుర్చీలో ఉంది. అంతకు ముందు ఏడాదే బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. ఆ అవార్డు ఇచ్చింది అప్పటి ఉపరాష్ట్రపతి, మన వెంకయ్యనాయుడు గారే. ‘మహానటి’కి కీర్తి సురేష్ ఉత్తమ నటి అవార్డు తీసుకున్నది కూడా ఆ వేడుకలోనే. మనం కీర్తిని చూసి మురిసిపోయాం, ఈమెను గమనించిన వాళ్లు తక్కువ.

కరోనా కాలంలో 65 దాటినవాళ్లు షూటింగులకు రావద్దని మహారాష్ట్ర ప్రభుత్వం అంటే, పని చేసుకోనివ్వండని ఆమె బాహాటంగా అడిగింది. ఆ నిబంధనను 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. మరుసటి నెలే ఆమెకు మళ్లీ స్ట్రోక్. అదే ఏడాది, అదే ఊళ్లో పని ఆగిపోయి మా నాయన ఇంటిదారి పట్టాడు.

2021 జూలై 16న ఆమె పోయిందని అవ్వకు ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

“ఆమెకెవరన్నా ఉన్నరా?”

“కొడుకు ఉన్నడు అవ్వా.”

“బొంబాయిలనేనా?” అంది.