నాలుగో స్లైడ్ దాటేయమన్నారు

ఇవాళ మధ్యాహ్నం మన జిల్లాలోనే ఒక కాలేజీ సెమినార్ హాల్లో జరిగిన సంగతి ఇది. కాలేజీ పేరు రాయను, అనవసరం. ముగ్గురు పరిశోధక విద్యార్థులు మాట్లాడారు. ఒకమ్మాయిది ఓటర్ల తీరు, ఒకబ్బాయిది కాస్మిక్ కిరణాల సిమ్యులేషన్, ఇంకో అమ్మాయిది గర్భిణుల వైద్యం. ముగ్గురి దగ్గరా నాలుగో స్లైడ్ ఒకటే: డేటా ఎలా సేకరించాం అన్నది. ముగ్గురినీ సరిగ్గా అక్కడే ఆపి, "అది దాటేయమ్మా, టైం లేదు, రిజల్ట్స్‌కి వెళ్ళిపో" అన్నారు పెద్దాయన. శాలువాలు కప్పి ఫొటోలు తీసుకోవడానికి మాత్రం ఇరవై అయిదు నిమిషాలు దొరికాయి. ఇంటికొచ్చినా ఒళ్ళు మంట తగ్గలేదు. అందుకే రాస్తున్నాను, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

పరిశోధన అంటే ఆ నాలుగో స్లైడేనయ్యా! మిగతాది దాన్నించి వచ్చిన లెక్క. విత్తనం ఎక్కడిదో అడక్కుండా పంట ఎంత పండిందని అడిగే రైతు మన ఊళ్ళల్లో ఒక్కడూ లేడు. హాల్లో మాత్రం అందరూ రంగు రంగుల బార్ గ్రాఫ్ చూసి చప్పట్లు కొట్టారు.

ముందు ఓట్ల సంగతి. ఆ అమ్మాయి టేబుల్ పేరు "శ్రీకాకుళం జిల్లా: 2019, 2024". అక్కడే అడగాల్సిన ప్రశ్న ఉంది. 2019లో శ్రీకాకుళం జిల్లా అంటే పది అసెంబ్లీ సీట్లు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళిపోయాయి, ఇప్పుడు ఎనిమిదే. జిల్లా పేరు ఒకటే కదా అని పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు జాగాల్ని పోల్చినట్టు. ఎచ్చెర్ల ఇంకా తిరకాసు. జిల్లా శ్రీకాకుళం, ఎంపీ సీటు విజయనగరం. పార్లమెంటు ఓట్లని జిల్లా పేరుతో జత చేస్తే అక్కడే తప్పుతుంది. ఆ అమ్మాయి దీన్ని ఎలా సరిచేసిందో, అసలు సరిచేసిందో లేదో, ఆ నాలుగో స్లైడ్‌లోనే ఉండి ఉంటుంది. మనకి చూపించలేదు.

ఇక సర్వే. సరైన పద్ధతి ఏమంత బ్రహ్మవిద్య కాదు. పోలింగ్ బూతు ఓటరు లిస్టులో 1,000 మంది ఉన్నారు, మీకు 25 మంది కావాలి అనుకోండి. 1,000ని 25తో భాగిస్తే 40. ఒకటి నుంచి నలభై లోపు చీటీ తీస్తే 17 వచ్చింది. ఇక 17, 57, 97, 137... ఆ నంబర్ల మీద ఉన్న మనుషుల్నే కలవాలి, వేరే వాళ్ళని కాదు. ఇక్కడే గొడవంతా. 57వ నంబరు కుర్రాడు హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. 97 గుజరాత్‌లో వేరావల్ రేవులో బోటు మీద ఉంటాడు. 137 ఉపాధి పనికి పొద్దున్నే వెళ్ళిపోయింది. సర్వే కుర్రాళ్ళు పదకొండింటికి ఊళ్ళో దిగి, ఆ మనిషి లేకపోతే అరుగు మీద కూర్చున్న తాతగారిని అడిగి ఫారం నింపేస్తారు. మూడు రోజులు అలా తిరిగితే వచ్చేది ఊరి అభిప్రాయం కాదు, అరుగు అభిప్రాయం. అదే వలస కుర్రాళ్ళు పోలింగ్ ముందు రాత్రి రైళ్ళలోనూ బస్సుల్లోనూ నిలబడి వచ్చి ఓటేసి పోతారు. ఓట్ల పెట్టెలో ఉన్నారు, సర్వేలో లేరు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ఖాళీని పట్టించుకోని ఓటరు సర్వే ఏదైనా నేను నమ్మను.

"ఎవరికి వేశావమ్మా?" అని వాకిట్లో, మరిది, మావగారు, పక్కింటి వార్డు మెంబరు వింటుండగా అడిగితే ఏం చెప్తుంది? ఢిల్లీలోని పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్ వాళ్ళ లోక్‌నీతి సర్వేల్లో ఈ ఒక్క ప్రశ్నకి నోటితో జవాబు అడగరు. గుర్తులున్న నకలు బ్యాలెట్ కాగితం ఇచ్చి, టిక్కు పెట్టి మడిచి డబ్బాలో వేయమంటారు. ఖర్చెంత? ఒక అట్టపెట్టె. ఇంకోటి, ఫలితాలొచ్చాక అడిగితే గెలిచినోడికే వేశామని చెప్పేవాళ్ళు పెరుగుతారు. చాలా దేశాల్లో ఇదే వరస. కాబట్టి ఆ అమ్మాయి సర్వే 2024 మే 13 పోలింగ్ ముందా, మే 13కీ ఫలితాలొచ్చిన జూన్ 4కీ మధ్యనా, ఆ తర్వాతా? దాన్ని బట్టి మొత్తం టేబుల్‌కి అర్థం మారిపోతుంది. సరిచూసుకోవడానికి ఫారం 20 ఉంది, బూతుల వారీగా వచ్చిన ఓట్లు అందులో ఉంటాయి. సర్వేలో ఆ బూతు అంకె, ఫారం 20లో ఆ బూతు అంకె పక్కన పెట్టి చూస్తే అరగంటలో తేలిపోతుంది. కానీ ఫారం 20 చూసి "ఈ బూతులో ఫలానా కులం ఎక్కువ, అందుకని ఆ కులం ఇటు వేసింది" అని రాయకూడదు. గుంపు లెక్కనుంచి మనిషి నడతని తీయకూడదని అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబిన్సన్ 1950లోనే అంకెలతో చూపించాడు. మన టీవీ డిబేట్లకి ఆ కబురు ఇంకా చేరలేదు, సరే, యూనివర్సిటీలకైనా చేరాలి కదా!

కాస్మిక్ కిరణాల అబ్బాయిని తల్చుకుంటే ఇంకా బాధేస్తోంది. హాల్లో సగం మందికి అదేంటో తెలీదు, తెలుసుకునే అవకాశమూ ఇవ్వలేదు. ఆకాశంలోంచి వచ్చిన ప్రోటానో ఇనుప కేంద్రకమో పైగాలిని గుద్దితే కణాల జల్లు పుడుతుంది. అందులో మిగిలిన మ్యూయాన్లు అనే కణాలు ఇప్పుడు మీ అరచేతిలోంచి సెకనుకి ఒకటో రెండో దూసుకుపోతున్నాయి. ఆ జల్లుని కంప్యూటర్లో కురిపించే ప్రోగ్రాం పేరు కోర్సికా. జర్మనీలోని కార్ల్స్‌రూహేలో కాస్కేడ్ అనే కాస్మిక్ కిరణాల ప్రయోగం కోసం రాశారు. దానికి ఇచ్చే ఇన్‌పుట్ కార్డు ఒక్క పేజీ. ఆ ఒక్క పేజీలోనే అంతా ఉంది.

అయస్కాంత క్షేత్రం లైను ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రాం కార్ల్స్‌రూహే విలువే తీసుకుంటుంది. అక్కడ నిలువు భాగం ఎక్కువ. మనం అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గర, ఇక్కడ అడ్డం భాగమే ఎక్కువ. వాతావరణం లైను వదిలేస్తే అమెరికా స్టాండర్డ్ గాలి వస్తుంది, మన వేడి గాలి కాదు. డిటెక్టర్ ఎత్తు సెంటీమీటర్లలో రాయాలి. ఊటీలో టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) వాళ్ళ కాస్మిక్ కిరణాల డిటెక్టర్ గ్రేప్స్-3 ఉన్నది 2,200 మీటర్ల ఎత్తున. కార్డులో 2,20,000 అని పడాలి. అలవాటుగా 2200 కొట్టారా, డిటెక్టర్ ఊటీ కొండ దిగి 22 మీటర్ల దగ్గరికి వచ్చేసినట్టే. మధ్యలో రెండు కిలోమీటర్ల గాలి అదనంగా చేరి ఎలక్ట్రాన్లు చచ్చిపోతాయి, మ్యూయాన్ల నిష్పత్తి ఎగబాకుతుంది. ఇనుప కేంద్రకం తెచ్చే జల్లులోనూ మ్యూయాన్లు ఎక్కువే. అది చూసి "ఇనుము ఎక్కువుంది" అని పేపరు రాసేసే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా దొంగ తప్పు సీడ్‌ది. పాచికలు వేయడానికి ప్రోగ్రాంకి ఒక మొదటి అంకె ఇస్తాం, అదే సీడ్. ఒక ఫైలు తయారుచేసి, దాన్నే వంద కాపీలు తీసి, సీడ్ మార్చకుండా వంద ప్రాసెసర్ల మీద వదిలితే వంద జల్లులు రావు, ఒకే జల్లు వందసార్లు వస్తుంది. గ్రాఫ్ మాత్రం దివ్యంగా ఉంటుంది, ఎర్రర్ బార్లు (తేడా ఎంతుండొచ్చో చూపే గీతలు) సన్నగా, ముచ్చటగా. అనుమానం వస్తే చేయాల్సింది ఒకటే: ప్రతి జల్లులో మొదటి ఢీ ఏ ఎత్తులో జరిగిందో ఒక కాలమ్‌లో వేసి చూడాలి. అంకెలన్నీ ఒకటే ఉంటే పని మొదటికొచ్చినట్టు. థిన్నింగ్ పెట్టి ఉంటే ఇంకో చిక్కు. ఒక హద్దు కిందకి శక్తి పడిపోయిన కణాల్లో ఒకదాన్నే ఉంచి, మిగతావాటి భారం దాని నెత్తిన వెయిట్‌గా పెడుతుంది. ఫైల్లో లైన్లు లెక్కపెడితే తప్పు, వెయిట్లు కూడాలి. కణాల ఢీ ఎలా సాగుతుందో లెక్కకట్టే హాడ్రాన్ మోడల్ ఏది వాడారో, వెర్షన్ ఏదో కూడా రాయాలి, ఎందుకంటే ఎపోస్, క్యూజీఎస్‌జెట్, సిబిల్ ఒకే ప్రోటాన్‌కి ఒకే మ్యూయాన్ల లెక్క చెప్పవు. అర్జెంటీనాలో పియర్ ఓజే డిటెక్టర్లు కొలిచినది మోడళ్ళు చెప్పినదానికంటే ఎక్కువే వచ్చింది, ఆ ముడి ఇంకా వీడలేదు. ప్రపంచమంతా తల పట్టుకున్న చోట మనవాడు నిలబడి మాట్లాడుతుంటే, దాటేయమ్మా అంటారా?

ఇక మూడోది, గర్భిణుల మీద పనిచేసిన అమ్మాయిది. ఇక్కడ పొరపాటుకి ప్రాణం ఖరీదు.

గర్భం వయసు లెక్కకి మొదటి అంకె ఆఖరి నెలసరి మొదటి రోజు. దాన్నుంచి 280 రోజులు. ఇంగ్లీషు తారీకు చెప్పమంటే మన ఊళ్ళల్లో ఎంతమంది చెప్పగలరు? "సిరిమాను ముందు మంగళారం బయట చేరినానమ్మా" అంటుంది. ఇది తక్కువ సమాచారం కానే కాదు, చాలా కచ్చితమైన సమాచారం. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. 2025లో అక్టోబరు 7. దాని ముందు మంగళవారం సెప్టెంబరు 30. కాన్పు తేదీ 2026 జులై 7. ఆశా కార్యకర్తకి ఇది వేళ్ళ మీద లెక్క. పైన కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి "అక్టోబరులో అన్నమాట" అని అక్టోబరు 15 కొట్టేస్తాడు. నెల మాత్రమే తెలిస్తే మధ్య తేదీ వేయడం వాళ్ళ అలవాటు. పదిహేను రోజులు ఎగిరిపోయాయి. నిజానికి 35 వారాలు నిండిన గర్భం కాగితంలో 32 వారాల 6 రోజులు అవుతుంది. 34 వారాల లోపు కాన్పు వచ్చేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ ఇంజెక్షన్ 6 మిల్లీగ్రాముల చొప్పున పన్నెండు గంటలకొకటి, నాలుగు డోసులు ఇస్తారు. అక్కర్లేని తల్లికి అది పడుతుంది. ఇంకో రకం తప్పూ ఉంది. కొందరు మొదటి రోజు బదులు తలస్నానం చేసిన రోజు చెప్తారు, నాలుగైదు రోజులు తేడా. కొందరు నెల తప్పిన తేదీ చెప్తారు, ఏకంగా నాలుగు వారాలు. "మొదటగా కనిపించిన రోజు ఏది తల్లీ?" అని అడగాలి, "నెలసరి ఎప్పుడు?" అని కాదు. 14 వారాల లోపు స్కాన్‌లో పిల్ల పొడవు కొలిస్తే వారం లోపు తేడాతో వయసు తేలుతుంది. ఏడు నెలలు దాటాక తీసిన స్కాన్‌తో వయసు కడితే మూడు వారాల దాకా తప్పొచ్చు.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్ళకి చెప్తున్నాను. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన యాక్ట్ అనే పెద్ద ప్రయోగం ఆరు దేశాల్లో జరిగింది, మన దేశమూ ఉంది. ఇవే ఇంజెక్షన్లు ఊళ్ళ స్థాయిలో ఇచ్చారు. స్కాన్లు అందరికీ లేవు, గర్భం వయసు మీద గట్టి నమ్మకం లేదు, నెలలు నిండని బిడ్డలకి గుర్తుగా తక్కువ బరువుని తీసుకున్నారు. ఇంజెక్షన్ పడ్డ తల్లుల్లో చాలామంది నెలలు నిండాకే కన్నారు. మొత్తం మీద చూస్తే పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డలకి నవజాత శిశు మరణాలు మూడున్నర పెరిగాయి. 2020లో యాక్షన్ ప్రయోగం ఆసుపత్రుల్లో, స్కాన్‌తో వయసు ఖాయం చేసుకుని, 2,852 మంది తల్లుల్లో జరిగింది. నవజాత శిశు మరణాలు నూటికి 23.5 నుంచి 19.6కి తగ్గాయి. మందు అదే. ఆసుపత్రి సదుపాయాల తేడా ఉంది నిజమే, కానీ వయసు కట్టిన తీరు తేడా చిన్నదా? ఇది ఏ స్లైడ్‌లో ఉంటుంది? నాలుగో స్లైడ్‌లో!

బరువుల కాలమ్ కూడా చూడాలి. 2.5, 2.5, 3.0, 2.5 అని వరసగా ఉంటే అది తూకం కాదు, ఉజ్జాయింపు. పది గ్రాములు చూపించే కాటా మీద 2,430, 2,780 ఇలా పడాలి. 2.5 కిలోల దగ్గర గుట్ట పోసినట్టుంటే, తక్కువ బరువు బిడ్డలు ఆ గుట్టలో దాక్కున్నారని అర్థం.

రాస్తూ రాస్తూ నాకు పాత కోపం గుర్తొచ్చింది. కిడ్నీ జబ్బుల ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్ళల్లో రక్తం ఇచ్చారు, మూత్రం ఇచ్చారు, బావి నీళ్ళు ఇచ్చారు, ఇంటి బియ్యం కూడా ఇచ్చారు. ఏళ్ళ తరబడి బృందం వెనక బృందం. ఎంతమందికి వాళ్ళ సొంత అంకె తిరిగి చేతికొచ్చింది? పేపర్లో "తీవ్రత ఇంత శాతం" అని వస్తుంది. ఆ శాతంలో ఒక మనిషైన ఆవిడకి తన క్రియాటినిన్, అంటే రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే అంకె, ఎంతో తెలీదు.

ఆవిడ గర్భిణి అయితే ఆ అంకె ఎంత ముఖ్యమో చూడండి. గర్భంలో మూత్రపిండాలు రక్తాన్ని ఎక్కువ వడకడతాయి, కాబట్టి క్రియాటినిన్ డెసిలీటరుకి 0.4 నుంచి 0.8 మిల్లీగ్రాముల దాకా దిగిపోవాలి. మామూలు ఆడమనిషికి 1.0 వస్తే ల్యాబ్ కాగితం మీద నార్మల్ అనే పడుతుంది. ఐదో నెల గర్భిణికి ఉద్దానంలో 1.0 వస్తే అది గంట మోగినట్టు, వెంటనే మళ్ళీ పరీక్ష చేయించాలి, మూత్రంలో ప్రోటీన్ చూడాలి, బీపీ చూడాలి. కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో క్రియాటినిన్ నుంచి లెక్కగట్టడానికి మామూలుగా వాడే ఈజీఎఫ్ఆర్ సూత్రం గర్భంలో పనికిరాదు. దాంతో లెక్క కట్టిన థీసిస్ ఆ కాలమ్ మొత్తం కొట్టేయాలి. రక్తం తీశాక సీరం వేరు చేయకుండా ఎండలో బైకు వెనక పెట్టెలో మూడు నాలుగు గంటలు తిప్పితే, జాఫే అనే ల్యాబ్ పరీక్ష పద్ధతిలో క్రియాటినిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. ట్యూబు మీద తీసిన టైము, సీరం వేరు చేసిన టైము రెండూ రాయాలి.

పరిశోధన చేసే పిల్లలూ, మీ గైడ్ చెప్పినా చెప్పకపోయినా ఒక పని చేయండి. రక్తం తీసిన ప్రతి మనిషికీ అరచేతంత చీటీ ఇవ్వండి, తెలుగులో. తేదీ, క్రియాటినిన్ అంకె, ఆవిడకి ఉండాల్సిన హద్దు, మళ్ళీ ఎప్పుడు, ఎక్కడ చూపించుకోవాలి. నాలుగు లైన్లు చాలు.

ఇంకో సంగతి. సెమినార్ అయ్యాక ఆ గర్భిణుల అమ్మాయి ల్యాప్‌టాప్ మూస్తుంటే తెర మీద నాలుగో స్లైడ్ ఒక్క క్షణం కనిపించింది. అట్టడుగున, చిన్న అక్షరాల్లో, "తేదీలు రాబట్టినవారు" అని పదకొండు మంది ఆశా కార్యకర్తల పేర్లు వరసగా ఉన్నాయి.