పాత పికప్‌కు పెద్ద ఇంజిన్: అందరూ పంచుతున్న సలహాలో తప్పెక్కడ?

పాత పికప్ ట్రక్కు ఉన్నవాళ్లు "బండి లాగడం లేదు" అంటే చాలు, ఒకటే సలహా వచ్చి పడుతుంది. దాని సారాంశం ఇది: "పాత ఇంజిన్ మీద ఇంక డబ్బు తగలేయకండి. తుక్కు బండ్ల యార్డులో పెద్ద ఇంజిన్ దొరుకుతుంది, తెచ్చి బిగించేయండి. శని, ఆదివారాల్లో అయిపోయే పని. బలం వస్తుంది, బరువు ఎక్కువ లాగుతుంది. పెద్ద ఇంజిన్ కష్టపడకుండా నడుస్తుంది కాబట్టి మైలేజీ కూడా పెరుగుతుంది."

ఇంజిన్ మార్చడానికి నేను వ్యతిరేకిని కాను. పద్ధతిగా చేస్తే పాత బండికి అంతకన్నా మంచి పని లేదు. కానీ ఈ సలహా నమ్మి, నడుస్తున్న బండి బానెట్ ఎత్తి ఇంజిన్ బయటికి తీసి, సగంలో ఆగిపోయి, చివరికి విడిభాగాల కింద అమ్ముకునేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఆ సలహాలోని ఒక్కో మాటనూ విడివిడిగా పరిశీలిద్దాం.

"పాత ఇంజిన్ మీద డబ్బు తగలేయకండి" అన్నది మొదటి మాట. బండి పుట్టుకతోనే బలహీనమా, వయసు మీద పడి బలహీనపడిందా అన్నది తేల్చకుండా ఈ మాట ఎవరూ అనకూడదు. రెంటికీ లక్షణం ఒకటే, మందు వేరు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి, ఇంకొకరు ఎయిర్ ఫిల్టర్ గొట్టం ఊడదీసి థ్రాటిల్ రేకు (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడాలి. కేబుల్ సాగిపోయో, పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డుపడో, ఆ రేకు ముప్పావు దగ్గరే ఆగిపోయే బండ్లు ఉంటాయి. అలాంటి బండికి ఏళ్ల తరబడి పూర్తి బలం అందనే లేదన్నమాట.

ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే ప్రతి సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడితో అదుముతోందో గేజితో కొలవడం. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ చాలావరకు 150 నుంచి 180 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మధ్య చూపిస్తుంది. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. ఒక సిలిండర్ మిగతావాటి కంటే 15 శాతానికి మించి తక్కువ చూపిస్తే అసలు జబ్బు అక్కడుంది. ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో పోయి ఉంటుంది. కంప్రెషన్ బాగానే ఉండి కూడా ఇంజిన్ పై ఆర్‌పీఎంలో (నిమిషానికి తిరిగే చుట్లు ఎక్కువైనప్పుడు) ఊపిరాడనట్టు ఉంటే సైలెన్సర్ లైన్‌లో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. ఇన్‌టేక్‌కు వాక్యూమ్ గేజి తగిలించి, ఇంజిన్‌ను 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంచితే, అడ్డు ఉన్నప్పుడు ముల్లు మెల్లమెల్లగా కిందికి జారుతుంది. సాగిన టైమింగ్ చైన్, తగ్గిన ఫ్యూయల్ ప్రెషర్, పట్టుకుపోయిన బ్రేకులు, జారుతున్న క్లచ్ కూడా ఈ జాబితాలోవే. చివరి రెండూ ఇంజిన్‌లో లేవు కాబట్టి ఇంజిన్ మార్చినా పోవు. బ్రేకు పట్టుకుపోయిన బండికి పెద్ద ఇంజిన్ వేస్తే డ్రమ్ము ఇంకాస్త వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు.

"బలం కావాలంటే పెద్ద ఇంజినే దారి" అన్నది రెండో మాట. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఎందుకంటే పాత పికప్‌లలో చాలావాటికి చాలనిది ఇంజిన్ కాదు, గేరింగ్, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క. దాన్ని పాడుచేసింది కూడా యజమానులే, పెద్ద టైర్లు వేసి.

లెక్క చూడండి. 27 అంగుళాల టైర్లతో, వెనక యాక్సిల్‌లో 3.73 క్రౌన్ పినియన్ రేషియోతో (ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు) వచ్చిన బండికి 31 అంగుళాల టైర్లు వేశారనుకుందాం. చక్రం పెద్దదైంది కాబట్టి ఫలితంలో ఆ 3.73 కాస్తా 3.25తో సమానమైపోతుంది. అంటే చక్రానికి అందే లాగుడులో 13 శాతం టైర్ల దుకాణంలోనే పోయింది. స్పీడోమీటర్ కూడా తప్పు చూపిస్తుంది. అది 100 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 115లో ఉంటుంది. "ఇదివరకు వందలో హాయిగా పోయేది, ఇప్పుడు ఆయాసపడుతోంది" అనేవాళ్లలో కొందరు పోతున్నది అసలు వందలోనే కాదు.

ఇప్పుడు ఇదే బండి రెండు టన్నుల మొత్తం బరువుతో, 6 శాతం ఎత్తున్న రోడ్డు మీద, నిజమైన 90 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలి. ఎత్తు ఎక్కడానికే దాదాపు 29 కిలోవాట్లు కావాలి. గాలి, టైర్ల ఒరిపిడి కలిపి ఇంకో 17, 18. గేర్‌బాక్సులో, యాక్సిల్‌లో పోయేది కూడా కలిపితే ఇంజిన్ ఇవ్వాల్సింది సుమారు 55 కిలోవాట్లు, అంటే 74 హార్స్‌పవర్. టయోటా 22ఆర్-ఈ లాంటి 2.4 లీటర్ల పాత ఇంజిన్‌ను తీసుకుంటే దాని గరిష్ఠ టార్క్ (తిప్పే లాగుడు) 190 న్యూటన్ మీటర్ల దరిదాపులో, బలం వంద హార్స్‌పవర్ పైన ఉంటుంది. మరి చాలాలి కదా? చాలదు. 31 అంగుళాల టైర్లు, 3.73 రేషియోతో నాలుగో గేరులో 90 దగ్గర ఇంజిన్ తిరిగేది 2,260 ఆర్‌పీఎం. అక్కడ అది ఇవ్వగలిగింది 44 కిలోవాట్లే. బండి వేగం పడిపోతుంది, డ్రైవరు మూడో గేరుకు దిగుతాడు, "ఇంజిన్ దండగ" అంటాడు. రేషియోను 4.56కు మార్చండి. అదే వేగంలో, అదే నాలుగో గేరులో ఇంజిన్ 2,765 ఆర్‌పీఎంకు వస్తుంది, 55 కిలోవాట్లు ఇస్తుంది, బండి వేగం నిలుపుకుంటుంది. అదే ఇంజిన్, ఒక్క బోల్టు కూడా కదల్లేదు.

రేషియో మార్పు కూడా పూర్తిగా తేలిక కాదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే ముందు, వెనక రెండు యాక్సిళ్లూ ఒకే రేషియోలో ఉండాలి, లేకపోతే ఫోర్ వీల్‌లో వేయగానే ట్రాన్స్‌ఫర్ కేస్ (రెండు యాక్సిళ్లకూ బలం పంచే పెట్టె) నలిగిపోతుంది. పినియన్ బేరింగ్ బిగింపు, పళ్ల మధ్య సందు సరిగ్గా కొలిచి కూర్చోబెట్టడం చెయ్యి తిరిగినవాళ్ల పని. ఇంకో సంగతి, గేరింగ్ కొత్త బలాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని వాడుకోనిస్తుంది. పూర్తి లోడుతో 110లో ఘాట్ ఎక్కాలంటే ఏ రేషియో కూడా చిన్న ఇంజిన్‌ను కాపాడలేదు. అప్పుడు ఇంజిన్ మార్పు గురించి ఆలోచించడం న్యాయం.

"తెచ్చి బిగించేయడమే, రెండు రోజుల పని" అన్నది ఆ తర్వాతి మాట. పాత ఇంజిన్ దించడానికి రెండు రోజులు చాలు. కథ మొదలయ్యేది ఆ తర్వాత. కొత్తదాని మౌంటింగులు ఛాసీ మీద పాత చోట కూర్చోవు. ఆయిల్ చాంబర్ లోతైన భాగం ముందుండాలా వెనకుండాలా అన్నది బండి బట్టి ఉంటుంది, తప్పితే అది క్రాస్ మెంబర్‌కో (ఛాసీ అడ్డకమ్మీ), ముందు డిఫరెన్షియల్‌కో తగులుతుంది. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే తొడుగు) రంధ్రాలు కలవాలి, క్లచ్ ప్లేట్ పళ్లు గేర్‌బాక్స్ షాఫ్టుకు సరిపోవాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టీరింగ్ రాడ్‌కు అడ్డొస్తుంది. గేర్‌బాక్స్ మారితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించాలి, మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. ఫ్యాన్‌కు, రేడియేటర్‌కు మధ్య వేలు పట్టే సందు కూడా మిగలదు. కార్బ్యురేటర్ బండి పంపు ఇచ్చే ప్రెషర్ 4 నుంచి 7 పీఎస్ఐ. జనరల్ మోటార్స్ వాళ్ల వి8 కుటుంబమైన ఎల్ఎస్ తరహా ఇంజెక్షన్ ఇంజిన్‌కు 58 కావాలి. అంటే కొత్త పంపు, ఆ ఒత్తిడి తట్టుకునే పైపులు, రెగ్యులేటర్, కొన్నిసార్లు ట్యాంకులోనే మార్పులు.

వీటన్నిటికీ మించి బండ్లు ఆగిపోయేది వైరింగ్ దగ్గర. కొత్త తరం ఇంజిన్‌కు తన కంప్యూటర్ కావాలి. ఆ కంప్యూటర్ తన తాళంచెవిని, తన పెడల్‌ను, తన గేర్‌బాక్స్‌ను వెతుక్కుంటుంది. అవి కనిపించకపోతే కొన్ని స్టార్టే కావు, కొన్ని బలం తగ్గించుకుని నడుస్తాయి. పాత బండి డ్యాష్‌బోర్డులోని టెంపరేచర్ ముల్లు కొత్త సెన్సార్ భాష అర్థం చేసుకోదు. యార్డులో కోసిన వైర్లతో ఇంజిన్ ఒక్కటే తెచ్చుకున్నవాళ్లు ఇక్కడే చేతులెత్తేస్తారు.

ఎల్ఎస్ ఇంజిన్లకు ఇంత పేరు ఊరికే రాలేదని కూడా చెప్పాలి. 1997 కార్వెట్ స్పోర్ట్స్ కారుతో మొదలైన ఆ కుటుంబంలో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిపించే కడ్డీ) బ్లాక్‌లోనే ఉంటుంది కాబట్టి, వి8 అయినా హెడ్ల దగ్గర వెడల్పు తక్కువ. ఇరుకైన బానెట్ కింద పట్టడానికి అదే కారణం. 1999 నుంచి ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల ఇనుప బ్లాక్ ఇంజిన్లు లక్షల్లో తయారయ్యాయి, మౌంటింగులు, వైరింగ్ అన్నీ సిద్ధంగా దొరుకుతాయి. "దేనికైనా సరిపోతుంది" అనే పేరు అలా వచ్చింది. సరిపోయేలా చేసే సామాను దొరుకుతుందన్నది నిజం, దానంతటదే సరిపోతుందన్నది అబద్ధం.

డీజిల్ వైపు మొగ్గేవాళ్లు కమిన్స్ 4బీటీ పేరు చెబుతారు. 3.9 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, మొండిది, మంచిది. కానీ డెలివరీ వ్యాన్లలో వచ్చిన రకం బలం సుమారు 105 హార్స్‌పవర్, అంటే మీరు తీసి పక్కన పెడుతున్న ఆ చిన్న పెట్రోల్ ఇంజిన్ ఇచ్చేంతే! అదనంగా వచ్చేది కింది ఆర్‌పీఎంలోనే దొరికే టార్క్, దాదాపు 360 న్యూటన్ మీటర్లు. దానికి బదులుగా ముందు చక్రాల మీద సుమారు 340 కిలోల ఇంజిన్ మోయాలి, దాని అదురు భరించాలి. పైగా అది 2,500 ఆర్‌పీఎం చుట్టుపక్కలే తన బలమంతా ఇచ్చేస్తుంది. కాబట్టి 4.56 రేషియో ఉన్న బండిలో హైవే వేగం అందకముందే ఊపిరి అయిపోతుంది. నెమ్మదిగా బరువు లాగాలనుకుంటే మంచి ఎంపిక. వేగం కోసం అయితే కాదు.

"బరువు ఎక్కువ లాగుతుంది" అన్న మాట ప్రమాదకరం, ఇక్కడ నేను మొహమాటపడను. బండి ఎంత మోయాలో నిర్ణయించేది ఇంజిన్ ఒక్కటే కాదు. ఛాసీ, కమాన్ కట్టలు, యాక్సిల్, బ్రేకులు, టైర్లు కలిసి నిర్ణయిస్తాయి. తలుపు ఫ్రేమ్ దగ్గరి రేకు మీద తయారీదారు రాసిన మొత్తం బరువు పరిమితి ఇంజిన్ మారినంత మాత్రాన మారదు. మొదటి గేరు రేషియో 4, యాక్సిల్ రేషియో 4.1 అనుకుంటే 190 న్యూటన్ మీటర్ల ఇంజిన్ వెనక యాక్సిల్ మీద మోపేది దాదాపు 3,100. 440 ఇచ్చే ఇంజిన్ అయితే 7,200. ఖాళీ బండిలో టైరు జారి యాక్సిల్‌ను కాపాడుతుంది. లోడు ఎక్కాక టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, జారదు, విరిగేది అప్పుడే. ఇక బ్రేకుల సంగతి. గంటకు 80లో పోయే బండి 110లో పోవడం మొదలుపెడితే ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 1.9 రెట్లవుతుంది. ఇంజిన్ కంటే ముందు బ్రేకులు పెంచాలి. ఈ వరస తిరగేయడానికి ఏ కారణమూ చాలదు.

మైలేజీ మాటలో కొంత నిజం ఉంది. ఎప్పుడూ పూర్తిగా తొక్కి నడిపే చిన్న ఇంజిన్ ఇంధనాన్ని చిక్కగా మింగుతుంది, నిజమే. కార్బ్యురేటర్ ఇంజిన్ తీసి, ఇంజెక్షన్ ఇంజిన్‌తోపాటు ఓవర్‌డ్రైవ్ (హైవేలో ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే పై గేరు) ఉన్న గేర్‌బాక్స్ వేస్తే కొన్ని బండ్లలో మెరుగవుతుంది కూడా. అయితే ఆ మెరుగుదల పరిమాణం వల్ల రాలేదు, ఇంజెక్షన్, ఓవర్‌డ్రైవ్ వల్ల వచ్చింది. ఖాళీగా, మామూలు వేగంతో నడిపేటప్పుడు పెద్ద పెట్రోల్ ఇంజిన్ మూసిన థ్రాటిల్ వెనక గాలి పీల్చుకోవడానికే శక్తి వృథా చేస్తుంది.

ఆ సలహాలో అసలు కనిపించనిది కాగితాల సంగతి. చాలాచోట్ల ఇంజిన్ నంబరు రిజిస్ట్రేషన్‌లో ఉంటుంది, మారిస్తే అనుమతి తీసుకోవాలి, పొగ పరీక్ష నిబంధనలు మారవచ్చు, బీమా సంస్థకు తెలియజేయాలి. ఇవి ఇంజిన్ దించకముందే కనుక్కోవాలి.

మరి ఎవరు మార్చాలి? పరీక్షలన్నీ అయ్యాక, గేరింగ్ సరిచేశాక కూడా అవసరం తీరనివాళ్లు మార్చాలి. వాళ్లు మొదట చూడాల్సింది తమ బండి కుటుంబంలోనే కంపెనీ ఇచ్చిన పెద్ద ఇంజిన్. టయోటా పికప్‌లలో 3.0 లీటర్ల 3వీజెడ్-ఈ వి6 హెడ్ గాస్కెట్ సమస్యలకు పేరుపడింది. దాని స్థానంలో 1990ల నడుమ నుంచి వచ్చిన 3.4 లీటర్ల 5వీజెడ్-ఎఫ్ఈ వేయడం అందుకే అంత ప్రచారం పొందింది. పాత బెల్ హౌసింగ్, పాత మౌంటింగులు పనికొస్తాయి, బలం 150 నుంచి 180, 190 హార్స్‌పవర్‌కు చేరుతుంది. వైరింగ్, ఎగ్జాస్ట్ పని అప్పటికీ తప్పదు. కానీ ఇది కొలతలు తెలిసిన పని, ఎక్కడ ఏం అడ్డొస్తుందో ముందే తెలుస్తుంది.

కొనేటప్పుడు విడి ఇంజిన్ కాకుండా, వీలైతే నడిచే బండినే మొత్తంగా కొనండి. స్టార్ట్ చేసి వినవచ్చు, కంప్రెషన్ చూడవచ్చు, ఆయిల్ మూత తీసి అడుగున నల్లటి జిగురు పేరుకుందేమో చూడవచ్చు. వైరింగ్, కంప్యూటర్, తాళంచెవి, పెడల్, సెన్సార్లు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. విప్పేటప్పుడు ప్రతి కనెక్టర్‌కూ చీటీ కట్టండి, ఫొటో తీయండి. మీ పాత ఇంజిన్‌ను మాత్రం కొత్తది బిగించి, లోడుతో ఘాట్ ఎక్కి, కాగితాలు చేతికొచ్చేదాకా ఎవరికీ అమ్మకండి.